నీళ్ళాయన ఇంటి పైన్ చెట్టు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది నీళ్ళ గొట్టం. వరండా అంచున చుట్టలు చుట్టుకుని పడుకున్న దాన్ని ఇంటాయన తల పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోతాడు. ఆ బరబరకి ఆయన భార్య లేస్తుంది. ఆవిడ స్టవ్ వెలిగించిన చప్పుడుకి కూతురు లేస్తుంది. కూతురు బాత్రూం తలుపు ధడాలున వేసుకున్న చప్పుడుకి ముందుగదిలో మంచం మీదున్న ఇంటాయన అక్కగారు లేస్తుంది. లేస్తుందంటే కళ్ళు తెరుస్తుందని అర్థం. మంచం దిగడానికి ఆవిడకి ఆ ఇంట్లో అనుమతి లేదు. ఎందుకు లేదో చెబుతాను గానీ, ముందు గొట్టం సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

ఇంటాయన నీళ్ళ ఆఫీసులో వాల్వు తిప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వాల్వు తిప్పడమంటే ఏమిటంటారా? ఊళ్ళో పెద్ద ట్యాంకు ఒకటే ఉంటుంది, వీధులు మాత్రం చాలా ఉంటాయి. నీళ్ళు అన్ని వీధులకీ ఒకేసారి చాలవు. కాబట్టి ఒక మనిషి పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని తిరిగి, రోడ్డు మధ్య ఇనప మూత తీసి, ఒక వీధికి వదిలి ఇంకో వీధికి కట్టేయాలి. ఆ మనిషి ఈయనే. దారిలో ఎదురుపడ్డ వాళ్ళెవరూ ఆయన్ని "బాగున్నారా" అని అడిగి ఎరగరు. "ఇంకాస్త సేపు వదలండి" అనేవాళ్ళు. ఆయన వదిలేవాడు. పసిపిల్లలున్న ఇల్లని చెబితే ఇంకాస్త వదిలేవాడు. పిల్లలు లేని వాళ్ళు కూడా పక్కింటి పిల్లల్ని ఎత్తుకొచ్చి చూపించేవాళ్ళని ఆయనకి తెలుసు. తెలిసీ వదిలేవాడు. ఊరంతా ఆయన్ని నీళ్ళాయన అనేది.

అన్నేళ్ళు ఆ పని చేసిన మనిషికి ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది. ప్రేమ లోపల ఉంటే చాలదు, పొయ్యాలి.

రిటైరైన రోజు తోటి ఉద్యోగులు ఆయనకి ఓ కుండీలో జానెడు పైన్ మొక్క పెట్టి ఇచ్చారు. "ఇది నీళ్ళడగని చెట్టు సార్. ఇకనైనా మీరు కాస్త కూర్చోండి" అని పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. నీళ్ళడగని ప్రాణి ఒకటి ఉంటుందంటే ఆయనకి అది తన సర్వీసు మొత్తాన్ని వెక్కిరించినట్టు అనిపించింది. మర్నాడే కుండీ చంకన పెట్టుకుని నర్సరీకి వెళ్ళాడు.

నర్సరీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆవిడ చెప్పింది మనం కూడా తెలుసుకుంటే మంచిదే. పైన్ చెట్టుకి వెడల్పాటి ఆకులుండవు, గుత్తులు గుత్తులుగా సన్నటి పచ్చటి సూదులుంటాయి. ఆకు వెడల్పుగా ఉంటే ఎండకి అందులో తడి ఆవిరైపోతుంది. సూదికి ఆ బెంగ లేదు, పైగా మైనం రాసినట్టు దానిమీద ఓ పూత. వేరేమో తన తడి తనే వెతుక్కుంటూ లోతుకి పోతుంది. మండు వేసవిలో మిగతా చెట్లన్నీ ఆకులు రాల్చి దిగాలుగా నిలబడితే ఇది పచ్చగా, పట్టనట్టు ఉంటుంది. పాతిన మొదట్లో ఒకటి రెండు వేసవులు మాత్రం నీళ్ళు కావాలి. కుదురుకున్నాక అక్కర్లేదు. మరీ పోస్తే వేళ్ళకి ఊపిరాడక కుళ్ళుతాయి.

"మరి దాహమేస్తే?" అన్నాడు నీళ్ళాయన.

"వెయ్యదండీ."

"వేసినా చెప్పుకోలేదేమో."

"సార్, అది చెట్టు."

"అదే నేనూ అంటున్నాను."

మొక్కని పెరటి నడిమధ్యన పాతాడు. అది బుద్ధిగా పెరిగింది. మనిషెత్తు దాటింది, తలుపెత్తు దాటింది. కుదురుకుంది. ఆ రోజు నీళ్ళాయన ఇంటిల్లిపాదినీ పిలిచి గంభీరంగా ప్రకటించాడు. "రేపట్నించి దీనికి ఎవరూ ఒక్క చుక్క పొయ్యకూడదు." భార్య సరేనంది. మందుల షాపులో పనిచేసే కూతురు సరేనంది.

మర్నాడు పొద్దున ఆయన గొట్టం ఈడ్చుకెళ్ళి చుట్టుపక్కల పూలమొక్కలన్నిటికీ పెట్టి, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, పాపం వాళ్ళిద్దరూ మానేశారు, ఇది ఎండిపోతుందేమోనని చెట్టుకి కూడా పెట్టాడు. మధ్యాహ్నం భార్య కూరగాయలు కడిగిన నీళ్ళు గిన్నెతో తెచ్చి, పాపం ఆయనా అమ్మాయీ మానేశారు కదా అని మొదట్లో గుమ్మరించింది. సాయంత్రం కూతురు స్కూటరు దిగి, సీసాలో మిగిలిన నీళ్ళు, పాపం అమ్మానాన్నా మానేశారని వంపేసింది. ముగ్గురూ మూడు దొంగతనాలు చేసి ముగ్గురూ తృప్తిగా నిద్రపోయారు. ఇది చాలా కాలం సాగింది. చెట్టుకి అంతకుముందు కన్నా నీళ్ళు ఎక్కువయ్యాయి.

ఒక పొద్దున చెట్టు జరిగి ఉంది.

పెరటి నడుమ ఉండాల్సింది గోడ వైపుకి ఓ అడుగు జరిగి నిలబడింది. పాత చోట మట్టి చక్కగా చదును చేసి ఉంది, లేచెళ్ళేవాళ్ళు కుర్చీ లోపలికి నెట్టి వెళ్ళినట్టు. నీళ్ళాయన భార్య బయటికొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఇప్పుడు బట్టల తీగ పొడుగు చెయ్యాలి" అంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "మీ చెట్టు జరిగిందా? అదే, మా వంటగదిలోకి ఇవాళ వెలుతురు తగ్గితే ఏమిటా అనుకున్నాను" అంది. కూతురు స్కూటరు పెట్టే చోటు కాస్త మార్చుకుంది. అంతే.

ఆ తరవాత తడి ఎటు తగిలితే దానికి ఎదురు దిక్కుకి చెట్టు జరుగుతూ వచ్చింది. మర్యాద గల చెట్టు. ఎవరైనా చూస్తుండగా కదలదు. కళ్ళు తిప్పుకుంటే మాత్రం, తిరిగి చూసేసరికి ఇంకో చోట నిలబడి, ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు ముఖం పెట్టేది.

ఇక అక్కగారి సంగతి.

వీధి చివర షట్టర్ల వరస ఉంది. అందులో ఒకటి ఆవిడ కుట్టు షాపు. కొత్త బట్టలు కుట్టదు, ఉన్నవాటిని బాగుచేస్తుంది. పొడుగైన ప్యాంటు తగ్గిస్తుంది, చెడిన జిప్పు మారుస్తుంది, అరిగిన కాలరు విప్పి తిరగేసి కుడుతుంది. ముందు సగం షాపు. పరదా తీస్తే వెనక సగం ఇల్లు. ఒక మంచం, ఒక స్టవ్, ఒక కిటికీ. వేళకి తింటుంది, వేళకి కుడుతుంది, వేళకి తిడుతుంది. అలాంటి మనిషి ఓ రోజు పై అరలో బొత్తాల డబ్బా అందుకోబోయి స్టూలు మీంచి పడింది. కాలు విరిగింది. తమ్ముడు ఆటోలో తీసుకొచ్చి ముందుగదిలో పడుకోబెట్టాడు.

కట్టు విప్పిన రోజు డాక్టరు "నడవండమ్మా. ఎంత నడిస్తే అంత మంచిది" అన్నాడు.

పక్కనున్న నీళ్ళాయన కాస్త ముందుకి వంగి, "కనీసం ఎంత తక్కువ నడిస్తే సరిపోతుంది డాక్టర్‌గారూ?" అని అడిగాడు.

ఇంటికొచ్చాక అదీ లేదు. అక్కగారు కాలు కింద పెట్టబోతే ముగ్గురు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఒకరు పాలు, ఒకరు పండ్లముక్కలు, ఒకరు దిండు. "ఏం కావాలి, మేం లేమా?" అనేవాళ్ళు. ఆవిడకి కావలసింది వాళ్ళు లేకపోవడమే. అది పైకి ఎలా అంటుంది?

షట్టర్ల ఓనరు ఓసారి పరామర్శకి వచ్చి, గుమ్మంలోనే కూర్చుని నసిగాడు. "నెలాఖరు దాకా చూస్తానక్కా. ఆ తరవాత ఫోను కవర్లమ్మే అతను అడుగుతున్నాడు. వరసలో ఒక్క షట్టరు మూసి ఉంటే పన్నూడిన నోరులా ఉంటుంది. పక్క షాపులకీ బేరాలుండవు."

"నెలాఖరుకి నేనొచ్చి తెరుస్తాను" అంది అక్కగారు.

ఓనరు వెళ్ళాక నీళ్ళాయన మంచం పక్కన కూర్చున్నాడు. "ఎందుకక్కా ఆ షాపు? మిషను ఇక్కడికే తెప్పిస్తాను. ఈ మంచం మీదే కూర్చుని కుట్టుకో."

"మంచం మీద కూర్చుని మిషను ఎలా తొక్కుతార్రా? కాళ్ళు గాల్లో ఊపుతూనా?"

"నేను తొక్కుతాను, నువ్వు కుట్టు."

"అప్పుడు నువ్వు తొక్కే జోరుకి జనం చొక్కాలు గుడారాలవుతాయి. పోరా."

నవ్వుతూనే అంది. కానీ ఆ సాయంత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడకి కాలి గురించి బెంగ లేదు. ఒకసారి ఆ షట్టరు ఇంకొకరి చేతికిపోతే, ఈ మంచమే తనకి ఇల్లు, షాపు, ఊరు అన్నీ అయిపోతాయని ఆవిడకి తెలుసు. వాళ్ళది ప్రేమే. అందుకే దానితో పోట్లాడటం కష్టం.

చెట్టు జరగడం మొదలయ్యాక ఇంట్లో సమావేశం జరిగింది. అంతకుముందే ఒక మధ్యాహ్నం తల్లి గిన్నెతో, తండ్రి గొట్టంతో, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న కూతురు సీసాతో చెట్టుకి మూడువైపుల నించీ వచ్చి ఒకళ్ళనొకళ్ళు ఢీకొన్నారు. ఎవరూ ఎవర్నీ తప్పుపట్టే పరిస్థితి లేదు. కాబట్టి ఒక కాపలా మనిషిని పెట్టాలని తీర్మానించారు.

"ఇంట్లో ఖాళీగా ఉన్నది అత్తయ్యే" అంది కూతురు. "మంచం మీంచే పెరటి వైపు కిటికీలో చెట్టు కనిపిస్తుంది. ఎవరు నీళ్ళు పట్టుకొచ్చినా అరవమందాం."

"ఖాళీగా ఉంచింది ఎవరే?" అని ముందుగదిలోంచి వినిపించింది. అయినా అక్కగారు ఆ ఉద్యోగం ఒప్పుకుంది. ఆ ఇంటికొచ్చాక ఎవరైనా ఆవిడకి అప్పజెప్పిన మొదటి పని అదే.

ఇక్కడ చిన్న చిక్కుంది, మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. కాపలా పెట్టినవాళ్ళూ దొంగలూ ఒకళ్ళే. పొద్దున నీళ్ళాయన గొట్టం తిప్పగానే కిటికీలోంచి "ఒరేయ్!" అని కేక. ఆయన ఉలిక్కిపడి గొట్టం మొహం మీదకి తిప్పుకునేవాడు. మధ్యాహ్నం "మరదలా, గిన్నె దింపు!" సాయంత్రం "ఏమే, ఆ సీసా నువ్వు తాగవే!" వీధంతా వినబడేది. కానీ అలవాటనేది ఓ కేకకి పోదు. వాళ్ళు చెట్టుకి అవతలి పక్కకి వెళ్ళి, మాను చాటున నిలబడి పొయ్యడం మొదలెట్టారు. మంచం మీంచి చూస్తే కాళ్ళు తప్ప కనిపించవు.

దాంతో అక్కగారు మంచం దిగి కిటికీ దగ్గరికి వచ్చింది.

ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరూ ఆవిడ వైపు చూస్తేగా? దొంగల చూపెప్పుడూ దొంగిలించే చోటే ఉంటుంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి "ఒరేయ్!" అని అరిస్తే తమ్ముడు అదిరిపడి, "అబ్బ, ఇవాళ అక్క గొంతు దగ్గరగా వినబడుతోంది, ఆరోగ్యం కుదుటపడుతున్నట్టుంది" అని భార్యతో సంతోషంగా చెప్పుకున్నాడు.

చెట్టు తడి తప్పించుకుంటూ ఇంటి మూల దాకా జరిగింది. కిటికీలోంచి కనబడటం మానేసింది. ఆవిడ గోడ పట్టుకుని వరండాలోకి నడిచింది. కాలు సహకరించలేదు. సూదులతో పొడిచినట్టు ఉంటే ఓ స్తంభాన్ని కావిలించుకుని కాసేపు తిట్టుకుంది. తిట్టుకోవడం అయ్యాక ఇంకో స్తంభం దాకా వెళ్ళింది. చెట్టు మెట్ల పక్కకి జరిగితే ఆవిడ మెట్ల మీద కూర్చుంది. చెట్టు దారి అంచుకి చేరితే ఆవిడ లేచి, గొడుగుని చేతికర్రలా ఊతం పట్టుకుని, దారి అంచున నిలబడింది. ఒకరోజైతే మరదలు గిన్నెడు నీళ్ళతో వచ్చి, చెట్టునే చూస్తూ, "వదినా, కాస్త పక్కకి జరగండి, కొమ్మ అడ్డొస్తోంది" అంది.

"నేను పక్కకి జరగడమేమిటి, నువ్వు వెనక్కి నడు."

"అయినా మీరు మంచం మీంచి లేవకూడదు వదినా."

"అలాగే" అని అక్కగారు ఆవిడ చేతిలో గిన్నె లాక్కుని, వంటింటి దాకా నడిచి వెళ్ళి సింకులో పారబోసి వచ్చింది. మరదలు చెట్టుని చూసి నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయింది.

చెట్టు ఆవిడ దగ్గర మాత్రం ఎప్పుడూ బెదరలేదు. ఆ ఇంట్లో చేతిలో నీళ్ళు లేకుండా దాని దగ్గరికి వచ్చే మనిషి ఆవిడొక్కతే. ఎండలో అది ఆవిడ మీద నీడ పట్టి నిలబడేది. ఆవిడ కొమ్మకి గొడుగు తగిలించి, "నన్నూ ఇలాగే చేస్తున్నారే" అని చెప్పుకునేది.

నెలాఖరు వచ్చింది. ఆ రోజే ఆ వీధికి నీళ్ళొచ్చే రోజు కూడా.

నీళ్ళు వదిలే రోజంటే ఆ వీధికి హడావిడి. అన్ని ఇళ్ళ ముందూ కుళాయిలు ఒక్కసారి బుసకొట్టి, ముందు గాలి, తరవాత తుప్పునీళ్ళు, ఆ తరవాత మంచినీళ్ళు కక్కుతాయి. ఆగిపోయేలోగా ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నింపుకోవాలి. పొద్దున చెట్టు గేటుని ఆనుకుని నిలబడి ఉంది. మందుల షాపుకి బయల్దేరిన కూతురు స్కూటరు ఆపి దాన్ని ఎగాదిగా చూసింది. ఒక తలుపు తీస్తే పట్టదని రెండు తలుపులూ తెరిచి, మర్యాదగా మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి చెట్టు రోడ్డు మీద ఉంది.

"నాన్నా! చెట్టు బయటికెళ్ళింది!" అని కేకేసింది. "నాకు టైమవుతోంది, మీరు చూసుకోండి!"

నీళ్ళాయన నిండు బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. చెట్టు వీధిన పడితే దాహంతో పోతుందని ఆయన భయం. భార్య గిన్నెతో వెనకే వచ్చింది. వాళ్ళ సంగతి అలా ఉంచండి, వీధి వీధంతా తయారై ఉంది. ఆ వీధిలో ఆయన దయ లేకుండా ట్యాంకు నిండిన ఇల్లు ఒక్కటి లేదు. నీళ్ళాయన చెట్టు నడిరోడ్డు మీద ఎండలో నిలబడిందంటే వాళ్ళు ఊరుకుంటారా?

"మా బాబు పుట్టినప్పుడు మీరు వదిలిన నీళ్ళు మర్చిపోతామా!" అని మొదటింటావిడ చెంబుతో పోసింది. కుళాయి వైపు తిరిగి మళ్ళీ చూసేసరికి చెట్టు పక్కింటి ముందుంది. పక్కింటాయన గడ్డం గీసుకుంటూ, సగం నురగతో వచ్చి మగ్గుతో పోశాడు. ఎదురింటివాళ్ళు తొట్టి వంచారు. కృతజ్ఞత తగిలిన చోటల్లా చెట్టు ముందుకి జరిగింది. నీళ్ళాయన బకెట్టుతో అందుకునేలోపే అది ఇంకో ఇంటి ముందుండేది. ఒక ఆటో హారన్ కొట్టి, చెట్టుని చూసి, పక్కనించి పోయింది.

వెనక అక్కగారు గొడుగు ఊపుకుంటూ నడుస్తోంది. "పొయ్యకండి! ఏమయ్యా నురగాయనా, నీకే చెప్పేది! పొయ్యకండి, దాన్ని చంపుతారు!" అరిచీ అరిచీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. కాలు నొప్పిని వెనక ఏదో ఇంటి దగ్గరే వదిలేసి వచ్చిన సంగతి ఆవిడక్కూడా తెలియలేదు.

అలా చెట్టు వీధి చివరికి చేరింది. షట్టర్ల వరసలో ప్రతి షాపువాడూ పొద్దున్నే తన గుమ్మం కడుక్కుంటాడు, నీళ్ళొచ్చే రోజు ఇంకాస్త దర్జాగా కడుక్కుంటాడు. ఒక్క గుమ్మమే ఎన్నాళ్ళ నించో తడి ఎరగకుండా, దుమ్ము పట్టి, పొడిగా ఉంది. చెట్టు వెళ్ళి సరిగ్గా దాని ముందు నిలబడింది. నిలబడి, హమ్మయ్య అన్నట్టు కొమ్మలు చాపుకుంది.

అదే సమయానికి షట్టర్ల ఓనరు వచ్చాడు. వెనకే తోపుడు బండి మీద నిలువెత్తు అద్దాల బీరువా, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఫోను కవర్లతను. అద్దం వెనక రంగురంగుల కవర్లు వేలాడుతున్నాయి.

"ఇదేమిటండీ, దారికి అడ్డంగా చెట్టు?" అన్నాడు కవర్లతను.

"నీళ్ళాయనది. నీళ్ళు పోస్తే జరుగుతుంది" అన్నాడు ఓనరు, ఆటోని పక్కకి తియ్యమన్నంత మామూలుగా. "నీళ్ళాయనా, మంచి సమయానికి వచ్చారు. బకెట్టు చేతిలోనే ఉంది. ఓసారి పొయ్యండి, బీరువా లోపల పెట్టేసుకుంటాడు."

"ఎవరి షాపులో ఎవరి బీరువా?" అని వెనకనించి బొంగురు గొంతు వినబడింది.

అందరూ వెనక్కి తిరిగారు. అక్కగారు వీధి మధ్యన గొడుగు ఆన్చుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

నీళ్ళాయన అప్పుడు చూశాడు. ముందు ఆవిడ ముఖం చూశాడు, తరవాత కాళ్ళు చూశాడు, తరవాత ఆవిడ వెనక, తను పుట్టినప్పటి నించీ నడిచిన వీధి పొడుగంతా చూశాడు. "అక్కా, నువ్వు... అంత దూరం నడిచావా?"

"ఎగిరొచ్చానేమిట్రా?"

"మీ అక్కగారు ఇక రారని మీరేగా చెప్పారు?" అన్నాడు ఓనరు. "మొన్న బజార్లో కనబడితే, 'ఇచ్చెయ్యండి, మా అక్కని మేం చూసుకుంటాం' అన్నారు. అందుకేగా నేనితనికి మాటిచ్చాను?"

నీళ్ళాయన భార్య ఆయన వైపు చూసింది. ఆ సంగతి ఆవిడకీ తెలియదు. వీధిలో జనం చెంబులతో, మగ్గులతో అలాగే నిలబడిపోయారు. అక్కగారు గొడుగు ఆన్చుకునే తమ్ముడి వైపు ఒక అడుగు వేసింది. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకి తేలికయ్యేది. "అన్నావా?" అని మాత్రం అంది.

"నీ మంచికేనక్కా. ఒంటరిగా ఉంటావు. మళ్ళీ స్టూలెక్కుతావు. నేనెక్కడో ఉంటాను. ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. అందుకే నా షాపంటే నాకిష్టం."

ఆ మాటకి కవర్లతను ఇబ్బందిగా బీరువాని కాస్త వెనక్కి లాక్కున్నాడు. మంచివాడే. "అక్కయ్యగారు వస్తారంటే నేను బస్టాండు దగ్గర షట్టరు చూసుకుంటానండీ. కానీ బండికి అద్దె మాట్లాడుకుని వచ్చాను. ఏదో ఒకటి తేల్చండి. దారుంటే దింపుతాను, లేకపోతే పోతాను."

"దారి ఎందుకుండదు?" అన్నాడు ఓనరు. మాటిచ్చి వెనక్కి తీసుకోవడం ఆయనకి నామోషీ. "పొయ్యండి నీళ్ళాయనా."

సరిగ్గా అప్పుడు వీధి పొడుగునా కుళాయిలు గుర్రుమని ఊపిరి పీల్చుకుని ఆగిపోయాయి. ఇవాళ్టి నీళ్ళు అయిపోయాయి. అందరూ చేతుల్లోకి చూసుకున్నారు. చెంబులు ఖాళీ, మగ్గులు ఖాళీ, నీళ్ళాయన భార్య గిన్నె కూడా ఖాళీ. దారి పొడుగునా చెట్టుకే పోసేశారు. ఆ వీధిలో బయట మిగిలిన నీళ్ళంటూ ఉంటే అవి నీళ్ళాయన బకెట్టులో ఉన్నవే.

ఆయన చెట్టు వైపు చూశాడు. పోస్తే అది జరుగుతుంది. బీరువా లోపలికి పోతుంది. అక్క ఇంటికొస్తుంది. ముందుగదిలో మంచం, పొద్దున పాలు, సాయంత్రం పండ్లముక్కలు. కళ్ళెదురుగా క్షేమంగా ఉంటుంది. ఆయన కోరుకున్నది అదే. బకెట్టు ఎత్తాడు. జీవితంలో ఆ చేతులు నీళ్ళు పట్టుకుని ఆగింది లేదు. అవి చెట్టు వైపు వాటంతట అవే వంగాయి.

చెట్టు కదలలేదు, ఆయన చూస్తున్నాడు కదా. కానీ దాని సూదులన్నీ ఒక్కసారి దగ్గరికి ముడుచుకున్నాయి, దెబ్బ పడబోయే పిల్లవాడు భుజాలు ముడుచుకున్నట్టు.

"వదినకి కాళ్ళు వణుకుతున్నాయండీ" అంది భార్య మెల్లిగా. "కుర్చీ తెప్పించనా?"

"వద్దు" అన్నాడు నీళ్ళాయన. ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది. "అడిగితే తెద్దాం."

అక్కగారు అడగలేదు.

నీళ్ళాయన బకెట్టు ఇంకాస్త పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ నీళ్ళన్నీ తన నెత్తి మీదే గుమ్మరించుకున్నాడు.

వీధి మొత్తం నోరు తెరిచింది. చొక్కా ఒంటికంటుకుపోయి, మీసాల్లోంచి ధారలు కారుతూ ఆయన నిలబడ్డాడు. ఖాళీ బకెట్టు ఇంకా తలమీద సగం టోపీలా ఉంది.

"నీళ్ళయిపోయాయి" అన్నాడు దాని కిందినించి. "నా దగ్గర లేవు."

ఆయన నోట ఆ మాట ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఓనరు కాసేపు చెట్టునీ, కాసేపు బకెట్టునీ చూసి, "నీళ్ళాయన దగ్గరే లేవంటే ఇంకెవరిస్తారు? పదవయ్యా" అన్నాడు కవర్లతనితో. తోపుడు బండి బస్టాండు వైపు తిరిగింది. కవర్లన్నీ గలగలా ఊగాయి.

అక్కగారు నడుముకి దోపుకున్న తాళంచెవి తీసింది. బీరువాకి లేని దారి మనిషికుంది. చెట్టుకీ గోడకీ మధ్య పక్కకి తిరిగి దూరి, వంగి, తాళం తీసి, షట్టరు ఎత్తబోయింది. సగం లేచి ఆగింది. తమ్ముడి చెయ్యి ముందుకి వచ్చింది, వచ్చి, ఆయనంతట ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి ఇంకో తోపు తోసింది. షట్టరు పెద్ద శబ్దంతో పైకి పోయింది. దుమ్ము రాలింది. ఆవిడ రెండు తుమ్ములు తుమ్మి, లోపలికెళ్ళి, మిషను మీద గుడ్డ తీసి, చక్రం చేత్తో తిప్పి చూసింది. తిరిగింది.

నురగాయన ఇంటికి పరుగెత్తి, జిప్పు చెడిన ప్యాంటు ఒకటి పట్టుకొచ్చాడు. ఎన్నాళ్ళ నించో ఆగి ఉన్నాడట. మొదటింటావిడ వాళ్ళబ్బాయి నిక్కరు తెచ్చింది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు చెట్టు పక్కనించి ఒదిగి ఒదిగి లోపలికి పోతున్నారు.

అక్కగారు నోట్లో దారం పెట్టుకునే బయటికి చూసింది. తమ్ముడు ఇంకా గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. ఆయన ఒంటిమీంచి కారిన నీళ్ళు కాళ్ళ దగ్గర మడుగై, సన్నటి పాయలా చెట్టు మొదలు వైపు పాకుతున్నాయి.

"ఒరేయ్" అంది ఆవిడ దారం తెంపి. "అక్కణ్ణించి జరుగు. నువ్వు కారుతున్నావు."

నీళ్ళాయన కిందికి చూసుకుని, గతుక్కుమని, రెండు చేతులా చొక్కా అంచులు పైకి పట్టుకుని, ఒక్క చుక్క కూడా అటు పడకుండా అంగలేసుకుంటూ రోడ్డు దాటాడు. అవతలి పక్క ఎండలో నిలబడి, తడి ఆరేదాకా షాపు వైపు చూస్తూ ఉన్నాడు.